దూరదేశ దేవాలయములు, దగ్గఱి చుట్టములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



క్రీ. శ. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణమునుండి ఒక గృహస్థుడు కాశీయాత్రకు బయలుదేరెను. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య, సుప్రీముకోర్టులో ద్విభాషి. కుటుంబము, పరిజనము, బోయీలు కలిసి వెంట ఇంచుమించు నూఱుగురు. అంతకు సరిగా నలువది రెండు దినములకు ముందు, అదే సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన, భూగోళమునకు ఆవలి ప్రక్కను, అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఫేయెట్ అను పల్లెపట్టున జోసఫ్ స్మిత్ అను ఇరువది నాలుగేండ్ల యువకుడు కొలదిమంది అనుచరులతో ఒక క్రైస్తవ సంఘమును స్థాపించెను. లోకులు ఆ సంఘమువారిని మోర్మనులందురు. తమ్ము తాము కడవరి దినముల పరిశుద్ధులని వారు చెప్పుకొందురు. ఈ ఇద్దఱిలో ఒకరి సంగతి ఒకరికి తెలియదు, తెలియుటకు వీలును లేదు. అయినను వీరి త్రోవలు రెండును తుదకు ఒక్కచోటికే పోవుచున్నవి. అది గోపురము గాదు, శిఖరము గాదు. చుట్టముల పేర్లు వ్రాసికొన్న పుస్తకము. నేటి ప్రసంగము ఆ పుస్తకమును గూర్చినది.

మోర్మనుల దేవాలయములతో ఒక పల్లెటూరి గ్రంథాలయమునకేమి పని యని కొందఱు తలపవచ్చును. పని కలదు. విశాఖపట్టణపు ఓడరేవును, ఉక్కు కర్మాగారమును ఆశ్రయించి బ్రతికిన కుటుంబముల పిల్లలు ఈనాడు జర్మనీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములలో చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. వారిని చూడబోవు తమ్ముళ్లు, మేనల్లుళ్లు వీపున సంచి తగిలించుకొని, రైలునుండి రైలుకు మారుచు దేశములు చుట్టి వచ్చుచున్నారు. ఆ త్రోవలో ఎక్కడనో పచ్చిక నడుమ తెల్లని కట్టడమొకటి, దాని కొనను బాకా ఊదుచున్న బంగారు దేవదూత కనబడును. అది చర్చి వలె ఉండదు. తలుపు త్రోసికొని లోనికి పోవుటకు వీలుపడదు. ఇది యేమి యని అడిగిన పిల్లవానికి సమాధానము చెప్పవలెను గదా. అదియునుగాక ఈ సంఘపు శాఖలు విశాఖపట్టణములోనే కలవు. అందలివారు తెలుగువారే.

మొదట వీరాస్వామయ్యగారి సంగతి ముగింతము. ఆయన తిరుపతి, అహోబిలము, శ్రీశైలము సేవించి, హైదరాబాదు, నాగపురము మీదుగా ప్రయాగ చేరి, కాశిలో నిలిచి, గయ కేగి, కలకత్తా చూచి, జగన్నాథమున స్వామిని దర్శించి, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణముల మీదుగా సముద్రతీరమంట తిరిగి వచ్చెను. ఇల్లు చేరినది 1831 సెప్టెంబరు 3వ తేదీ. పదునైదు మాసముల పదునైదు దినముల ప్రయాణము. దారిలో ఏ ఊరు ఎంత దూరము, ఎచట బావినీరు మంచిది, ఎచట బియ్యము, కట్టెలు దొరకును, ఎచట దిగుటకు చోటున్నది, ఇవన్నియు వ్రాసి పెట్టెను. ఆ వ్రాతలను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల భద్రపఱచి, వీరాస్వామయ్య 1836లో గతించిన పిమ్మట, 1838లో అచ్చువేయించెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలువరించిరి. గ్రంథాలయములు లేకున్నచో ఆ ప్రతులు ఈపాటికి చెదల పాలై యుండెడివి.

ఒక్క మాట మాత్రము చెప్పక తప్పదు. ఆ ప్రయాణమున దొరగారు పల్లకిలో కూర్చుండిరి, నడిచినవారు బోయీలు. ఈనాటి సంచివాడు తన మూటను తానే మోయుచున్నాడు. ఆ మేరకు లోకము బాగుపడినదనియే చెప్పవలెను.

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు అనుచుండిరి. తిరిగి వచ్చునను ఆశ లేని కాలమది. అట్టి కాలమున ప్రాణములు అరచేత పట్టుకొని అంత దూరము పోవుటకు కారణమేమి? గంగాస్నానము ఒకటి. విశ్వేశ్వరుని దర్శనము ఒకటి. కాని గయకు పోవుట తన కొఱకు గాదు, చనిపోయినవారి కొఱకు. అచట పిండప్రదానమునకు కూర్చున్నవాడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లను, తల్లి, బామ్మ, ముత్తవ్వల పేర్లను, మాతామహుల పేర్లను వరుసగా చెప్పవలెను. ఎంతటి పండితుడైనను అచట ముత్తవ్వ పేరు దగ్గఱ తడబడును. యాత్రకు వలయు సంభారములలో పంచెలకంటె, పప్పుమూటకంటె ముఖ్యమైనది ఆ పేర్ల పట్టిక. దానిని ఇంటివద్ద ముసలివారిని అడిగి వ్రాసికొనకుండ బయలుదేరినవాడు గయలో దిక్కులు చూడవలసినదే.

ఇక మోర్మనుల మాట. వీరికి ఆదివారపు ప్రార్థనకు వేఱుగ మందిరములు కలవు. అందు ఎవరైనను పోయి కూర్చుండవచ్చును. దేవాలయము దానికంటె వేఱు. అది ఆదివారము మూసియుండును. సంఘ సభ్యుడై, సదాచారుడని పెద్దలిచ్చిన యోగ్యతాపత్రము కలవాడు మాత్రమే లోనికి పోవును. లోపల అందఱును తెల్లని వస్త్రములు ధరింతురు. భార్యాభర్తల బంధము, తలిదండ్రులకు బిడ్డలకు గల బంధము మరణముతో తెగిపోరాదని అచట ముడివేయుదురు. మఱియొకటి: బాప్తిస్మము పొందకయే గతించిన పూర్వుల పేర్లను ఒక్కొక్కటిగా తెచ్చి, ఆ పేర ఒక సజీవుడు నీట మునుగును. ఆ నీటితొట్టి పండ్రెండు ఎడ్ల ప్రతిమల వీపుల మీద నిలిచియుండును. ఫలము పుచ్చుకొనుటయు, మానుటయు ఆ పరలోకగతుని ఇష్టమని వారి సిద్ధాంతము. కర్త యొకడు, ఫలము మఱియొకరికి. ఇది ఇతర క్రైస్తవులకు వింతగా తోచునేమో గాని, గయకు పోయి వచ్చినవారి మనుమలకు వింతగా తోపనక్కఱలేదు.

అందుచేత మోర్మను విశ్వాసికి వంశవృక్షము వేడుక వస్తువు గాదు, మతధర్మము. 1894లోనే వారు వంశచరిత్ర సంఘమొకటి స్థాపించిరి. 1938 నుండి దేశదేశముల చర్చి పుస్తకములను, జనన మరణ పట్టికలను సూక్ష్మచిత్రములుగా తీయించిరి. అట్టి ఫిల్ము చుట్టలు ఇరువది నాలుగు లక్షలు పోగైనవి. వానినన్నిటిని కంప్యూటరు కెక్కించు పని 2021లో పూర్తియైనది. మూలఫిల్ములను సాల్ట్ లేకు నగరము దాపున ఒక కొండను తొలిచి, ఆ గుహలో దాచిరి.

యూరపునందు వీరి దేవాలయములు నెలకొన్న కథ విచిత్రమైనది. 1837లో అమెరికానుండి వచ్చిన బోధకులు ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణమున అడుగుపెట్టి, ఆ యేడు జూలై 30న రిబ్బుల్ నదిలో మొదటివారికి బాప్తిస్మమిచ్చిరి. బట్టల మిల్లుల కూలీలు, చేతిపనివారు వేలుగా చేరిరి. చేరినవారి కెల్లరకు ఒకటే కోరిక: అమెరికా పోవలెను. బండికి, ఎద్దులకు డబ్బులేనివారు 1856 మొదలు 1860 వఱకు చేతిబండ్ల మీద సామాను వేసికొని తామే లాగుచు పోయిరి. అట్లు పోయినవారు పది జట్లుగా ఇంచుమించు మూడు వేలమంది. రైలు ఆగిపోయిన అయోవా నగరమునుండి సాల్ట్ లేకు వఱకు రెండు వేల కిలోమీటర్లకు పైబడిన నడక. 1856లో ఆలస్యముగా బయలుదేరిన రెండు జట్లు కొండలలో మంచున చిక్కుకొనగా రెండువందల మందికి పైగా మరణించిరి. వృద్ధులు, పసిబిడ్డలు ఎందఱో. అంత కష్టపడి చేరినచోట సాల్ట్ లేకు దేవాలయము ఇంకను పునాదులలోనే యున్నది. 1853లో ఆరంభమైన ఆ రాతికట్టడము 1893 ఏప్రిల్ 6న గాని ప్రతిష్ఠకు రాలేదు. నలువది యేండ్లు! చేతిబండి లాగి వచ్చిన యువకుడు ముసలివాడై ప్రతిష్ఠ చూచియుండును.

ఇరువదవ శతాబ్దమున సంఘపు పెద్దల ఆలోచన మారినది. ఎవరి దేశమున వారుండుడు, దేవాలయమే మీ యొద్దకు వచ్చునని చెప్పిరి. ఆ మాట మొదట నెఱవేఱినది స్విట్జర్లండులో. బెర్న్ నగర సమీపమున జోలికోఫెన్ అను ఊర 1955 సెప్టెంబరు 11న యూరపులో మొదటి మోర్మను దేవాలయము ప్రతిష్ఠింపబడెను. అచటికి జర్మనులు, ఫ్రెంచివారు, డచ్చివారు, స్వీడనువారు వేర్వేఱు భాషలతో వత్తురు గనుక, లోపలి క్రతుపాఠమును ఒకే గదిలో ఆయా భాషల చలనచిత్రముగా చూపు ఏర్పాటు చేసిరి. 1958 సెప్టెంబరు 7న లండనుకు దక్షిణమున సర్రీ జిల్లాలోని న్యూచాపెలున రెండవది. వీనిలో ఏదైనను అచటి కొండ మీద కోటవలె ఉండునని తలచి పోయినవాడు నిరాశ చెందును. కట్టడము సాదా, తోట మాత్రము కన్నులపండువు.

వీనిలో మనసున నిలుచునది ఫ్రైబెర్గు కథ. ఫ్రైబెర్గు నాటి తూర్పు జర్మనీలోని పాత గనుల పట్టణము. అచటి ప్రభుత్వము కమ్యూనిస్టులది, మతమన్న గిట్టనిది. అచటి మోర్మనులు బెర్నుకు పోవలెనన్న సరిహద్దు దాటుటకు అనుమతి దొరకదు. కుటుంబమునంతను విడువరు, విడిచిన తిరిగి రారేమో యని భయము. తుదకు మీరు పోవుట యెందుకు, ఇచటనే కట్టుకొనుడని ప్రభుత్వమే అన్నది. ఇనుప తెర వెనుక ఆ దేవాలయము 1985 జూన్ 29న ప్రతిష్ఠింపబడెను. ప్రతిష్ఠకు ముందు కొన్ని దినములు సర్వజనులకు తలుపులు తెఱచి చూపుట ఆ సంఘపు ఆచారము. ఆ చిన్న పట్టణమునకు అప్పుడు తొంబది వేలకు దగ్గఱగా జనులు వచ్చి, వరుసలలో గంటలతరబడి నిలిచి చూచి పోయిరి. దేవుడు లేడని బడిలో నేర్చుకొన్నవారు అంతమంది ఏమి చూడవచ్చిరో! నాలుగేండ్లకు బెర్లిను గోడ కూలినది.

ఆ తరువాతివానిని త్వరగా చెప్పుకొందము. తొలి బాప్తిస్మములు జరిగిన ప్రెస్టన్ ప్రాంతమున 1998లో, మాద్రిదులో 1999లో, హేగులో 2002లో, హెల్సింకిలో 2006లో వెలసినవి. కోపెన్‌హేగెన్‌లో తమ పాత ప్రార్థనామందిరమునే మార్చి 2004లో దేవాలయము చేసికొనిరి. ప్యారిసు దేవాలయము 2017 మే 21న, వెర్సాయి రాజప్రాసాదమునకు సమీపమున ప్రతిష్ఠితమైనది. దానికి శిఖరమే లేదు. రోము దేవాలయము 2019 మార్చి 10న. రోములో దాని ప్రక్కనున్న సందర్శకశాలలో క్రీస్తు విగ్రహమును, పండ్రెండుగురు శిష్యుల విగ్రహములును చలువరాతివి కలవు. వాని మూలములు కోపెన్‌హేగెన్‌లోని ఒక లూథరను చర్చిలో నున్నవి. తోర్వాల్‌సెన్ అను డేనిషు శిల్పి చేసినవి. సంచివాడు రెండు నగరములను చూచినచో ఆ మూలములను, ఈ ప్రతిరూపములను పోల్చుకొనవచ్చును. ఖర్చు లేని సంతోషము.

ఇంత దూరము పోయి, గడప దాటనీయరు గదా, చూచిన ఫలమేమి యని చిన్నవాడు చిన్నబుచ్చుకొనవచ్చును. విశాఖపట్టణపువాడు అట్లు చిన్నబుచ్చుకొనరాదు. సింహాచలమున వరాహనృసింహుడు ఏడాది పొడుగున చందనపు ముద్దలోనే యుండును. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపము చూపును. పూరీ జగన్నాథమున అన్యమతస్థులకు నేటికిని ప్రవేశము లేదు. దానికి బదులు చెప్పు చోటును మన నగరములోనే యున్నది: బురుజుపేట కనకమహాలక్ష్మికి గర్భగుడిపై కప్పే లేదు, భక్తులు తామే చేతులార పూజ చేసికొందురు. రేవు ముఖద్వారమున మూడు కొండలు వరుసగా నిలిచి, ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి, ఒకదానిపై మేరీమాత చర్చి, ఒకదానిపై దర్గా, మూడును ఒకే ఓడకు త్రోవ చూపుచున్నవి. తెఱచిన గుడియు, మూసిన గుడియు రెండును చూచిన కన్నులకు బెర్నులోని తాళము పెద్ద వింత గాదు. తోటలో కూర్చుండి, కాపలావారికి నమస్కరించి వచ్చిన చాలును.

యూరపు యాత్ర తెలుగువారికి క్రొత్త గాదు. పోతము జానకమ్మగారు ఇంగ్లండు చూచి వచ్చి తెలుగున వ్రాసిన యాత్రావర్ణనము ఆంగ్లమున మద్రాసులో 1876లో అచ్చయినది. వీరాస్వామయ్యగారికి ప్రతి మజిలీలోను చావడి వెదకుట ఒక పనియైనట్లు, నేటివారికి వీసా ఒక పని. ఇరువది తొమ్మిది దేశములు కలిసిన షెంగెను వీసాపై నూట ఎనుబది దినములలో తొంబది దినములకు మించి ఉండరాదు; ఇంగ్లండునకు వీసా వేఱు. యూరెయిల్ పాసు కొన్నచో ఒకే చీటీపై దేశములు మారవచ్చును. హాస్టళ్లలో ఒక మంచము చౌకగా దొరకును.

అచటి బంధువుల యింట దిగుట విషయమున మాత్రము పెద్దలు ముందే చెప్పి పంపవలెను. ఇచట చుట్టపుచూపుగా వచ్చినవాడు పది దినములున్నను అడుగువారుండరు. అచట భార్యాభర్తలిరువురును తెల్లవాఱగనే పనికి పోదురు, ఇల్లు రెండు గదులు, ఎంగిలి కంచము కడుగుటకు వేఱొకరు లేరు. పెద్దమ్మ కొడుకనియు, మేనత్త కూతురనియు వరుస చెప్పి నెల దినములు కాలుచాపి కూర్చుండినచో వరుస తెగును గాని నిలువదు. మూడు దినములుండి, వంటలో చేయి కలిపి, నాలుగవనాడు రైలెక్కినవానినే మరల రమ్మందురు. ఇంటినుండి నేతిడబ్బా, మాంసపు పచ్చడి మూటకట్టి ఇచ్చు తల్లులకు ఒక మాట: పాల పదార్థములను, మాంస పదార్థములను యాత్రికులు తేరాదని యూరపు సమాఖ్య నిబంధన. విమానాశ్రయమున చెత్తబుట్ట పాలగును. ఆ మోతకు బదులు ఒక చిన్న పుస్తకము, కలము ఇచ్చి పంపుట మేలు.

పుస్తకమెందుకో చెప్పుటకు ముందు, తెలుగువారిలో ఈ సంఘము ఎట్లు వచ్చినదో చెప్పవలెను. 1853లోనే రిచర్డ్ బాలంటైన్ మొదలగు మోర్మను బోధకులు ఓడపై మద్రాసు వచ్చిరి. పెద్దగా ఎవరును వినలేదు, మరలిపోయిరి. నూట ఇరువది అయిదేండ్లకు ఆ పని బంధుత్వము మూలమున జరిగినది. డాక్టరు ఎడ్విన్ ధర్మరాజు అను తెలుగు కీటకశాస్త్రజ్ఞుడు పసిఫిక్ సముద్రములోని సమోవా ద్వీపమున ఉద్యోగము చేయుచు, భార్య ఎల్సీతో కూడ ఆ సంఘమున చేరెను. 1978 డిసెంబరులో ఆ దంపతులు హైదరాబాదునకు వచ్చిరి. సభలు పెట్టలేదు, సంతలలో బోధింపలేదు. తమ అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, వారి బిడ్డలు, ఈ బంధువర్గమునకే తాము నమ్మినది చెప్పిరి. వారిలో పలువురు బాప్తిస్మము పొందిరి. ఎల్సీగారి తండ్రి బాప్టిస్టు బోధకుడు. ఆయన తన మతమున తానుండియే మోర్మను గ్రంథభాగములను తెలుగున కనువదించెను. కూతురి కొఱకు తండ్రి చేసిన పని! మతములను గూర్చి వాదులాడువారు ఈ ఒక్క సంగతిని తెలిసికొన్న చాలును.

హైదరాబాదులో 2012 మే 27న ఈ దేశమునకు మొదటిదైన స్టేకు, అనగా పలు స్థానిక సంఘములను కూర్చిన పెద్ద విభాగము, ఏర్పడినది. దేవాలయము మాత్రము చాలకాలము దూరముగనే యుండినది. 1996లో ప్రతిష్ఠితమైన హాంకాంగు దేవాలయమునకు తెలుగువారు విమానమెక్కి పోవలసివచ్చెడిది. కూలి సంపాదనతో బ్రతుకు కుటుంబము నలుగురు బిడ్డలతో హాంకాంగు పోవుట యన్న, ఆనాడు కాశి పోవుటవంటిదే. బెంగుళూరున దేవాలయము కట్టుదుమని 2018 ఏప్రిల్ 1న ప్రకటించి, 2020 డిసెంబరు 2న భూమిపూజవంటి ఆరంభోత్సవము చేసిరి. విశాఖపట్టణమునుండి వేయి కిలోమీటర్లు. ఒక రాత్రి, ఒక పగలు రైలు.

ఇపుడు పుస్తకము మాట. హరిద్వారమున పండాలయొద్ద వహీలు అను పొడుగాటి పుస్తకములు కలవు. యాత్రికుడు తన ఊరు, కులము చెప్పగానే, ఆ జిల్లా పండా తన వహీ తెఱచి, ఎన్నడో వచ్చి పోయిన తాతముత్తాతల పేర్లు చదివి వినిపించును. గయావళీలకును ఇట్టి పుస్తకములు కలవు. ఆ హరిద్వారపు వహీలను 1977 మొదలు ఫిల్ము తీయించినవారెవరో తెలిసినచో ఆశ్చర్యము కలుగును: యూటా రాష్ట్రపు వంశచరిత్ర సంఘమువారు, అనగా మోర్మనులు. 1830లో నలువది రెండు దినముల ఎడమున బయలుదేరిన రెండు త్రోవలు కలిసికొన్నది గంగ ఒడ్డున, పండా ముంగిట.

ఇందు మెచ్చదగినదియు కలదు, మెచ్చరానిదియు కలదు. మెచ్చరానిది ముందు. పరుల పేర్లను వారి వారసుల నడుగక తెచ్చి, తమ దేవాలయమున మునుకలు వేయుట న్యాయమా? నాజీల చేత చంపబడిన యూదుల పేర్లను కొందఱు అట్లు తెచ్చినపుడు యూదులు మిక్కిలి నొచ్చుకొనిరి. యూదుడైనందుననే చంపబడినవానికి చచ్చిన పిదప మతము మార్చుట యేమి యని వారడిగిరి. 1995లో సంఘమువారు ఆ పేర్లు తొలగించుటకు, ఇకమీద తేకుండుటకు ఒడంబడిరి. ఆ పిమ్మటను అక్కడక్కడ తప్పులు జరిగి మరల మాటలు వచ్చినవి. తన తాత పేరు తాను తెచ్చుట వేఱు, ఊరివారి తాత పేరు తెచ్చుట వేఱు. గయలో బంధువులు లేనివారికిని, సేవకులకును, మిత్రులకును పిండము పెట్టు సంప్రదాయము కలదు గదా యన్న, కలదు. కాని అచట ఎవరి మతమును మార్చుట లేదు, ఆకలి తీర్చుటయే ఉద్దేశము. ఈ భేదము చిన్నది గాదు.

మెచ్చదగినది స్త్రీల విషయము. వహీలలో మగసంతతి పేర్లకే ప్రాధాన్యము. భూమి రికార్డులలోను అంతే. పట్టాదారుని తండ్రి పేరుండును గాని తల్లి పేరుండదు. అత్తవారింటికి పోయిన ఆడుబిడ్డ రెండు వంశముల పుస్తకములందును జారిపోవును. మోర్మనుల పట్టికలో తండ్రి కెంత గడి యున్నదో తల్లికి అంత గడి యున్నది. తల్లి తల్లి, ఆమె తల్లి, వారి పుట్టింటి పేర్లతో సహా వ్రాయవలెను. గడి ఖాళీగా నుండుట లోపము క్రింద లెక్క.

విశాఖపట్టణము వంటి నగరమునకు ఈ లోపము మఱింత కీడు చేసినది. ఈ తీరమునుండి ఓడలపై రంగూనునకు కూలికి పోయినవారు వేలు. 1942లో జపానువారు బర్మాపై పడినపుడు ఓడలు దొరకక కొండలు, అడవులు దాటి కాలినడకను వచ్చినవారిలో ఎందఱో త్రోవలోనే పడిపోయిరి. చుట్టము ఎక్కడ పడిపోయెనో నేటికిని తెలియని ఇండ్లు ఉత్తరాంధ్రమున కలవు. 1933లో రేవు తెఱచినపుడు పనికి వచ్చినవారు పలు జిల్లాలవారు. 1966లో ఉక్కు కొఱకు జరిగిన ఉద్యమమున ముప్పది ఇద్దఱు ప్రాణములిచ్చిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమగునప్పటికి, దాని క్రింద భూములిచ్చిన పల్లెల ప్రజలు పునరావాస కాలనీలకు చెదరిరి. పల్లె పోయినచో గ్రామదేవత గుడి పోవును, శ్మశానము పోవును, ఫలానా వారి చెట్టు, ఫలానా వారి గట్టు అను పేర్లు పోవును. ఆ ఇంటి మనుమడే నేడు ఫ్రాంక్‌ఫర్టున ఇంజనీరు. ముత్తాత ఏ ఊరివాడని అడిగినచో ఉక్కునగరము సెక్టారు నెంబరు చెప్పుచున్నాడు.

కావుననే సంచిలో చిన్న పుస్తకము పెట్టుమనుట. బయలుదేరుటకు ముందు బామ్మ దగ్గఱ కూర్చుండి అడిగినవి, లండనులోని పినతండ్రి చెప్పినవి, బెర్లినులోని మేనత్త కొడుకు తన తల్లినుండి విన్నవి, మూడును కలిపినచో ఒక్కొక్కప్పుడు ఎవరికిని తెలియని నాల్గవ పేరు బయటపడును. దేశములు పట్టిపోయిన కుటుంబములలో జ్ఞాపకమును ముక్కలుగానే యుండును. ముక్కలున్న ఇండ్లన్నిటికిని పోయి వచ్చువాడు ఈ సంచివాడొక్కడే. దేవాలయము తలుపు తెఱవకపోయినను ఈ పని ఆగదు.

హరిద్వారమున పండా పేర్లన్నియు చదువుట ముగించిన పిమ్మట వహీని యాత్రికుని వైపునకు త్రిప్పి, కలము చేతికిచ్చును. గతసారి తమవారు వచ్చి పోయిన తరువాత ఇంట పుట్టినదెవరు, పెండ్లియైనదెవరికి, పోయినదెవరు, యాత్రికుడు తన చేతితోనే వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయవలెను. వ్రాయుచుండగా పండా ఒక్కొక్కటే అడుగుచుండును. పిల్లవాని తల్లి పేరేమి? ఆమె పుట్టిల్లు ఏ ఊరు?